కండ అరుగుతుందా?

విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్లు విప్పి బిగిస్తూ జీవితం గడిపిన పెద్దాయన ఒకరు. మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠం చెప్పే ఆయన మేనకోడలు ఇంకొకరు. పెద్దాయనకు డెబ్భై దాటాయి. విషజ్వరంతో నెల్లాళ్లు మంచాన పడి లేచాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. ఇంట్లో అందరూ విశ్రాంతి తీసుకోమనే అంటున్నారు. ఆయన మాటా అదే. కాదంటున్నది మేనకోడలు ఒక్కతే. పెద్దవాళ్లను ప్రేమగా చూసుకోవడమంటే వాళ్ల చేత ఏ పనీ చెయ్యనివ్వకపోవడమని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ ప్రేమ వాళ్ల కాళ్లలో సత్తువను ఎలా తీసేస్తుందో తెలియాలంటే కండ ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి. అందుకే ఇద్దరి వాదననూ ఇక్కడ పెడుతున్నాను.

మామయ్య: చూడమ్మా, నాకు మీ శాస్త్రం తెలియదు గానీ యంత్రం తెలుసు. తిరిగేది ఏదైనా అరుగుతుంది. బేరింగ్ అరుగుతుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి, క్లచ్ ప్లేటు అరుగుతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని నువ్వు మళ్లీ ఘాట్ రోడ్డెక్కించమంటున్నావు. దాన్ని నీడపట్టున పెట్టి జాగ్రత్తగా వాడుకుంటే ఇంకో పదేళ్లు వస్తుంది. డెబ్భై ఏళ్ల కాళ్లయినా అంతే.

మేనకోడలు: కండ కూడా యంత్రమే మామయ్యా, కాదనను. కాకపోతే మీరు ఇప్పటిదాకా విప్పిన ఏ యంత్రమూ చెయ్యని పని ఒకటి అది చేస్తుంది. అరుగుదల సంగతి తర్వాత చూద్దాం. ముందు అది ఎలా లాగుతుందో మాట్లాడుకుందాం.

మామయ్య: లాగడమే ఏం, నెట్టడమూ చేస్తుంది. దారిలో ఆగిపోయిన లారీని పదిమంది కలిసి నెట్టినవాళ్లం మేము.

మేనకోడలు: నెట్టింది మీ చెయ్యి. లోపల కండలు అప్పుడు కూడా లాగాయి. ఎముకల్ని కదిపే కండలు ఒంట్లో ఆరు వందలకు పైనే ఉన్నాయి, ఒక్కదానికీ నెట్టడం రాదు. పొట్టిదవడం ఒక్కటే వచ్చు. మోచెయ్యి మడవాలంటే జబ్బ ముందున్న కండ లాగుతుంది. చాపాలంటే జబ్బ వెనకున్నది మోచేతి కొనను పట్టి లాగుతుంది. లారీని నెట్టేటప్పుడు చేతిలో ఎక్కువగా కష్టపడ్డది ఆ వెనకదే. ఒకటి లాగుతుంటే ఎదుటిది సడలాలి. అలా సడలినదాన్ని మళ్లీ పొడుగ్గా సాగదీసేది కూడా ఎదుటి కండ లాగుడే.

మామయ్య: సరే, లాగేటప్పుడు జబ్బ ఉబ్బుతుంది కదా. అంటే లోపలికి ఏదో ఎక్కుతోందనేగా. టిప్పర్ తొట్టి లేచేది జాకీలోకి ఆయిలు తోసుకొస్తేనే. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది. ఎక్కేది రక్తమో, ఇంకోటో.

మేనకోడలు: ఐరోపా వైద్యులు కూడా దాదాపు పదిహేను వందల ఏళ్లు అలాగే అనుకున్నారు. మెదడు నుంచి నరాల గొట్టాల్లో వాయువులాంటిదేదో దిగి కండను ఉబ్బిస్తుందని చెప్పేవారు. 17వ శతాబ్దంలో డేకార్ట్ అంతటివాడూ అదే రాశాడు. ఆ కాలంలోనే యాన్ స్వామర్‌డామ్ అనే డచ్చి ఆయన దాన్ని పరీక్షకు పెట్టాడు. కప్ప తొడ కండను నరంతో సహా తీసి, గాజు గొట్టంలో పెట్టి మూశాడు. గొట్టం కొసన సన్నటి సందు, ఆ సందులో ఒక నీటి బొట్టు. కండలోకి ఏదైనా చేరి దాని పరిమాణం పెరిగితే బొట్టు పైకి జరగాలి కదా. నరాన్ని రేపాడు, కండ ముడుచుకుంది. బొట్టు మాత్రం పైకి లేవలేదు. 1680లో ఆయన పోయిన యాభై ఏళ్లకు పైబడ్డాక గానీ ఈ ప్రయోగం అచ్చుకాలేదు.

మామయ్య: అంటే పొట్టిదైనంత మేర లావైంది, అంతే. లోపలికి చేరిందేమీ లేదు. నీటి బొట్టు చేత గేజు పని చేయించాడు, గట్టివాడే. మరి ఏమీ ఎక్కకుండా పొట్టిదెలా అవుతుంది? లోపల స్ప్రింగేమైనా ఉందా?

మేనకోడలు: విప్పుకుంటూ పోదాం. కండ నిండా సన్నటి పోగులు. ఒక్కో పోగులో ఇంకా సన్నటి పోగులు. ఆ సన్నటి పోగు పొడవునా వరసగా చిన్న చిన్న గదులు. ఒక్కో గది పొడవు రెండు మైక్రాన్ల పైచిలుకు. మీ ఫీలర్ గేజులో అన్నిటికన్నా పల్చటి ఆకు ఎంతుంటుంది?

మామయ్య: నా దగ్గరున్నదాంట్లో 0.05 మిల్లీమీటరు. వాల్వు సందు చూసేటప్పుడు అది వేళ్లకి ఉందో లేదో కూడా తెలియదు.

మేనకోడలు: ఆ ఆకు మందంలో ఇరవై గదులు పట్టేస్తాయి. పది సెంటీమీటర్ల పోగులో నలభై వేలు దాటతాయి. ప్రతి గది మధ్యలోనూ లావు తీగలుంటాయి, వాటి పేరు మయోసిన్. రెండు గోడల నుంచీ సన్న తీగలు వచ్చి వాటి సందుల్లో దూరతాయి, అవి ఆక్టిన్. లావు తీగ ఒంటినిండా వందల కొద్దీ తలలు. ఒక్కో తల పక్కనున్న సన్న తీగను పట్టుకుంటుంది, వంగుతుంది, మిల్లీమీటరులో లక్షో వంతు దూరం లాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ ముందుకెళ్లి పట్టుకుంటుంది. ఏ తీగా పొట్టిదవదు. ఒకదాని సందులోకి ఒకటి జారతాయి, గది పొట్టిదవుతుంది. వేల గదులు ఒక్కసారే తలా కాస్త పొట్టివైతే కండ సెంటీమీటర్లలో ముడుచుకుంటుంది. ఈ సంగతి బయటపడింది 1954లో. మే 22 నాటి నేచర్ పత్రికలో రెండు జట్లు పక్కపక్కనే ప్రకటించాయి. ఒక జట్టు ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికమేమీ లేదు.

మామయ్య: టెలిస్కోపిక్ జాకీలో ఏ గొట్టమూ కురచ కాదు, మొత్తం మాత్రం కురచవుతుంది. బాగుంది. అయితే జాకీ పేరెత్తాను కాబట్టి అడుగుతున్నా. జాకీ మీద లారీ రాత్రంతా నిలబడుతుంది, ఖర్చు పైసా లేదు. అదే బకెట్టు నీళ్లు పట్టుకుని కదలకుండా నిలబడు, కాసేపటికి చెయ్యి పీకేస్తుంది. బకెట్టు పైకి పోలేదు, కిందికి రాలేదు. జరిగిన పని సున్నా, ఖర్చు మాత్రం అయిపోతోంది. దీన్ని మంచి డిజైను అంటావా?

మేనకోడలు: బయటికి చెయ్యి కదలకపోయినా లోపల తలలు ఊరుకోవు మామయ్యా. పట్టుకుంటూ, లాగుతూ, వదులుతూనే ఉంటాయి. కొన్ని వదిలేలోపు ఇంకొన్ని పట్టుకుంటాయి కాబట్టి బకెట్టు జారదు. ప్రతి విడతకీ ప్రతి తలకీ ఏటీపీ అనే ఇంధనం అణువొకటి ఖర్చు. ఇందులో నాకు చదువుకునే రోజుల నుంచీ అబ్బురంగా ఉండే సంగతి ఒకటుంది. ఏటీపీ వచ్చి చేరాల్సింది తల పట్టుకోవడానికి కాదు, వదలడానికి. ఏటీపీ వచ్చి కూర్చుంటేనే తల పట్టు వదులుతుంది. ఆ ఏటీపీ విరిగితే తల తిరిగి ఎక్కుపెట్టుకుని ఇంకో లాగుడికి సిద్ధమవుతుంది.

మామయ్య: ఆగాగు. అయితే ఇంధనం అయిపోతే కండ సడలిపోవాలి గదా?

మేనకోడలు: బిగుసుకుపోతుంది. ఎక్కడి పట్టు అక్కడే. మనిషి పోయిన కొన్ని గంటలకి ఒళ్లు కొయ్యబారేది అందుకే. ఏటీపీ తయారీ ఆగిపోయింది, తలల్ని విడిపించేది ఏమీ లేదు. ఒకటి రెండు రోజులు పోయాక మళ్లీ సడలుతుందంటే, తలలు వదిలాయని కాదు, ఆ తీగలే పాడైపోవడం మొదలైందని.

మామయ్య: మా నాన్నని పాడె మీదికి చేర్చేటప్పుడు ఆయన చేతులు వంచలేకపోయాం. ఎందుకలా అయిందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు.

మేనకోడలు: ఆ ఏటీపీని మొదటిసారి కండలోంచి తీసి చూపించినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టినాయనే. యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి తయారుచేశారు, 1925లో. దాన్ని కండ రసం మీద వాడితే రంగు రావలసినంత చురుగ్గా రాలేదు, మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది.

మామయ్య: అలాంటప్పుడు ఎవడైనా గేజు పాడైందనుకుంటాడు.

మేనకోడలు: వాళ్లు అనుకోలేదు. కండలో ఏదో ఒకటి పరీక్ష జరుగుతుండగానే విరిగి, భాస్వరాన్ని కొంచెం కొంచెం వదులుతోందని కనిపెట్టారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. కండ పనిచేస్తే అది తగ్గిపోతుంది, ఊరుకుంటే మళ్లీ పోగవుతుంది. 1929లో అదే కండ నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఆ పని చేశాడు. అప్పటిదాకా కండను ముడిచేది లాక్టిక్ ఆమ్లమే అనుకునేవారు. కండ గురించి చేసిన పరిశోధనకు 1922 నోబెల్ అందుకున్న హిల్, మయర్‌హాఫ్‌ల ఆలోచనా అదే. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ ఆయన లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపేసి చూశాడు. కండ ముడుచుకుంటూనే ఉంది, తరిగిపోయింది ఫాస్ఫోక్రియాటిన్. దాంతో పాత లెక్క చెల్లకుండా పోయింది. సుబ్బారావు గారి పేరు చెప్పగానే మందులే గుర్తుకొస్తాయి మనకి. మెట్టెక్కే ప్రతి కాలులోనూ ఆయన పట్టుకున్న పదార్థం విరుగుతోందని ఎంతమందికి తెలుసు?

మామయ్య: నాకు తెలియదు మరి. ఇంతకీ ఆ ఫాస్ఫో... అది దేనికి? ఇంధనం ఏటీపీ అన్నావుగా.

మేనకోడలు: సిద్ధంగా ఉన్న ఏటీపీ గట్టిగా రెండు మూడు సెకన్ల పనికి చాలదు. అది తరగకుండా వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. దాంతో పది సెకన్ల దాకా గడుస్తుంది. ఆలోపు కండలో దాచుకున్న పిండిపదార్థం అందుకుంటుంది. ఆ తర్వాత ఊపిరితో వచ్చే ఆక్సిజన్‌తో అసలు తయారీ.

మామయ్య: సెల్ఫు కొట్టడానికి బ్యాటరీ, ఇంజన్ అందుకున్నాక డీజిలు. సరే. వచ్చిన శక్తిలో పనికి దక్కేదెంత?

మేనకోడలు: నూటికి ఇరవై, ఇరవై అయిదు. మిగిలింది వేడి.

మామయ్య: మంచి డీజిల్ ఇంజను నలభై ఇస్తుంది. ఇక్కడ నేనే గెలిచాను.

మేనకోడలు: గెలిచారు. ఇంకో తప్పు కూడా నేనే చూపిస్తాను. మోచెయ్యి మడిచి, మడతలో వేలు పెట్టి నొక్కండి. గట్టిగా ఒక పట్టీ తగులుతుంది. జబ్బ కండ ముంజేతి ఎముకకు అతుక్కునే చోటు అదే. కీలుకి నాలుగైదు సెంటీమీటర్ల దూరం. బరువేమో ముప్ఫై అయిదు సెంటీమీటర్ల అవతల అరచేతిలో. అయిదు కిలోల సంచి పట్టుకుంటే కండ లాగాల్సింది దాదాపు నలభై కిలోలు.

మామయ్య: అంత దగ్గర ఎవడు బిగిస్తాడమ్మా లీవరు? అప్రెంటిస్ కుర్రాడు కూడా ఇంకాస్త దూరం జరుపుతాడు.

మేనకోడలు: జరిపితే బలం పెరుగుతుంది, చురుకు పోతుంది. కండ ఎక్కువ దూరం ముడుచుకోలేదు. ఈ అమరికలో అది ఒక సెంటీమీటరు ముడుచుకుంటే అరచెయ్యి ఏడెనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. రాయి విసరాలన్నా, పడబోతూ గోడ పట్టుకోవాలన్నా కావలసింది ఆ వేగమే.

మామయ్య: ఒప్పుకున్నా. ఇక నా కాళ్ల సంగతికి రా. జ్వరం తగ్గిపోయింది, తిండి తింటున్నాను. అయినా లేవలేకపోతున్నాను. ఇది ఇంజను జబ్బా, వైరింగ్ జబ్బా?

మేనకోడలు: ఈ ప్రశ్న డాక్టర్లు కూడా ముందు వేసుకోవాల్సిందే. కట్లపాము కరిచినవాణ్ణి చూశారా? రాత్రి నేల మీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరి అందదు. కండల్లో తీగలకు ఏమీ కాలేదు. నరం చివర్నుంచి కండకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేరాలి. అది చేరితేనే కండలో విద్యుత్తు పాకి, కాల్షియం బయటికొచ్చి, తలలకు దారి తెరుచుకుంటుంది. విషం ఆ నరం కొసలను పాడుచేస్తుంది. వెంటిలేటర్ పెట్టి, కొసలు మళ్లీ మొలిచేదాకా ఊపిరి నిలబెడితే మనిషి లేచి నడిచి ఇంటికెళతాడు. అదీ అచ్చంగా వైరింగ్ జబ్బంటే. మీది రెండూ కలిసింది. నెల్లాళ్లు కాళ్లకు పని లేదు. నరాలు కండలోని పోగులన్నిటినీ ఒకేసారి పనిలోకి పిలవడం మరిచాయి, కండ కూడా తరిగింది.

మామయ్య: పని లేకపోతే తరగడమేంటి? పని లేకపోతే మిగలాలి. వాడని టైరు అరగదు.

మేనకోడలు: మనిద్దరికీ తేడా వచ్చేది ఇక్కడే. మీ టైరు తయారైన రోజు ఎంతుందో అంత రబ్బరుతోనే బతకాలి. కండ అలా కాదు, రోజూ కొంత ఊడదీసి కొంత కొత్తగా కట్టుకుంటుంది. అందులోని మాంసకృత్తుల్లో నూటికి ఒకటి రెండు వంతులు ప్రతిరోజూ మారిపోతుంటాయి. మీరు పడుకున్నా ఊడదీసే పని ఆగదు. ఎంత కట్టాలన్నది మాత్రం కండ మీద పడ్డ లాగుడు, మీరు తిన్న పప్పు, గుడ్డు చూసుకుని తేలుతుంది. లాగుడు లేకపోతే కట్టుబడి మందగిస్తుంది. నీడపట్టున పెట్టిన బండిలో పార్టులు రోజుకొకటి మాయమైపోతుంటే ఏం చేస్తారు? కండకు నీడపట్టు అంటే అదే.

మామయ్య: అలాంటి బండిని రోజూ తిప్పకపోతే నష్టం. నిజమే. కానీ ఎంతని పోతుంది?

మేనకోడలు: అమెరికాలో జబ్బేమీ లేని అరవై దాటినవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి కొలిచారు, 2007లో ఆ లెక్కలు వచ్చాయి. పది రోజుల్లో కాళ్లలోంచే సుమారు కిలో కండ పోయింది. అదీ ఆరోగ్యవంతులకి, కడుపునిండా తింటుండగా. జ్వరంతో, జావతో మీరు గడిపింది నెల.

ఇక్కడ నా మాట ఒకటి. ఆ నెల్లాళ్లూ ఆ ఇంట్లో మంచినీళ్ల చెంబు మంచం దగ్గరికే వెళ్లింది, పళ్లెం మంచం దగ్గరికే వెళ్లింది, ఆఖరికి స్నానానికి కూడా ఇద్దరు పట్టుకుని నడిపించారు. ఎవరూ తక్కువ చెయ్యలేదు. అలా ఎక్కువ చేసిందే ఆయన తొడల్లోంచి పోయిందని ఆ ఇంట్లో ఎవరికి చెప్పినా నమ్మరు. నమ్మించాలనే నా ఆరాటం.

మామయ్య: సరే, ఇంకోటి. విశ్రాంతి చెడ్డదైతే రాత్రిళ్లు పడుకోమని ఎందుకంటారు?

మేనకోడలు: విశ్రాంతి చెడ్డదని నేనెప్పుడన్నాను? గుండెని చూడండి. అదీ కండే. రోజుకి లక్ష సార్లు కొట్టుకుంటుంది, పుట్టినప్పట్నుంచీ ఆగలేదు.

మామయ్య: ఆగకుండా ఎలా ఉంటుంది? దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగుతుందిగా.

మేనకోడలు: బాగా పట్టుకున్నారు. నిదానంగా ఉన్నప్పుడు ఒక్కో విడత 0.8 సెకను. అందులో ముడుచుకునేది 0.3, సడలి ఉండేది 0.5. పనికన్నా విశ్రాంతే ఎక్కువ. కాకపోతే ఆ విశ్రాంతి రెండు పనుల మధ్య ఉంది. మీరు అడుగుతున్నది పని మానేశాక విశ్రాంతి.

మామయ్య: కుర్రాళ్లకి చెప్పు ఇదంతా. ఈ వయసులో కొత్తగా కండ కడుతుందా?

మేనకోడలు: 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న పదిమందిని తీసుకున్నారు. సగటు వయసు తొంభై. ఎనిమిది వారాలు తొడ ముందు కండకు బరువు పెట్టి గట్టిగా పని చేయించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందిలో ఆ కండ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ అడ్డుకోత వైశాల్యం చూస్తే పెరిగింది నూటికి తొమ్మిది వంతులే. మిగతా బలం చాలామటుకు నరాలదే. పడుకుని మరిచిపోయిన పిలుపును మళ్లీ నేర్చుకున్నాయి. వాళ్లకన్నా మీరు ఇరవై ఏళ్లు చిన్నవారు. వయసుతో కండ తగ్గే మాట నిజమే, ముప్ఫై దాటాక పదేళ్లకి కొంత కొంత పోతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా పోతుంది. పూర్తిగా ఆపలేం. పోయినదాంట్లో చాలా తిరిగి తెచ్చుకోగలం.

మామయ్య: మరి మోకాళ్లు? గుజ్జు అరిగిపోయిందని ఎక్స్‌రే తీసి చూపించారు. అది కూడా కట్టుకుంటుందంటావా?

మేనకోడలు: అనను. కీలు చివరన ఉండే ఆ మెత్తటి పొరకు రక్తనాళాలు లేవు, పోయింది మళ్లీ సరిగా రాదు. ఆ విషయంలో మీ బేరింగ్ లెక్క చాలామటుకు సరిపోతుంది. అయితే దానికి ఆహారం అందేది కీలులోని ద్రవం నుంచి, నొక్కి వదిలితేనే. కదలని కీలుకి అదీ అందదు. పైగా తొడ ముందు కండ బలంగా ఉంటే మోకాలి నొప్పి తగ్గుతుంది. మోకాళ్ల అరుగుదలకి మొదట చెప్పాల్సిన వైద్యం వ్యాయామమే.

మామయ్య: వ్యాయామం చేస్తే ఒళ్లు నొప్పులు. ఏదో ఆమ్లం పేరుకుంటుందని అందరూ అంటారు.

మేనకోడలు: లాక్టిక్ ఆమ్లం మీదే ఇంకా ఆ నింద. అది గంట తిరిగేలోపు కండలోంచి వెళ్లిపోతుంది. మీరు చెప్పే నొప్పి వచ్చేది మర్నాడు, ఆ తర్వాతి రోజు. కండ ముడుచుకుంటున్నా బరువుకి సాగిపోవాల్సి వస్తే పోగుల్లో సన్నటి చీలికలు పడతాయి, ఆ నొప్పి వాటిది. తిరుమలకి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు ఆయాసం వస్తుంది. కాలినడకనే దిగినవాళ్లకి తొడలు రెండు రోజులు పట్టేస్తాయి. దిగేటప్పుడు తొడ ముందు కండ బ్రేకు వేస్తూ సాగుతుంది కాబట్టి. ఆ చీలికల్ని బాగుచేసే కణాలు పోగు పక్కనే అంటిపెట్టుకుని ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే ఆయన కప్ప కండలో వాటిని చూశాడు. బాగుచేశాక పోగు మునుపటికన్నా గట్టిపడుతుంది. మళ్లీ అవే మెట్లు దిగితే నొప్పి తక్కువ.

మామయ్య: అంతా బాగుంది. ఇప్పుడు అసలు ప్రశ్న. పనిచేస్తే కండ పెరుగుతుందంటున్నావు. ఆటోనగర్లో, రైసు మిల్లుల్లో హమాలీలను నేను జీవితమంతా చూశాను. 75 కిలోల ధాన్యం బస్తాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోసేవాళ్లు. నువ్వు చెప్పే లెక్కకి వాళ్లు అరవై ఏళ్లకి కొండల్లా ఉండాలి. ఒక్కడు ఉన్నాడా? యాభైకే నడుములు వంగిపోయాయి.

మేనకోడలు: ఈ ప్రశ్నకి నేను తేలిగ్గా జవాబు చెప్పలేను మామయ్యా. కండ వైపు నుంచి చెప్పగలిగింది చెబుతాను. లాగుడు పడితే కట్టుబడికి పిలుపు వస్తుంది, కట్టుబడి జరిగేది మాత్రం తిండితో, నిద్రతో, మధ్యలో దొరికే ఖాళీతో. హమాలీకి పిలుపు ఒక్కటే దొరికింది, మిగతా మూడూ దొరకలేదు. పైగా బస్తా నడుం మీద ఒకే పక్క నుంచి, మెలితిరిగి పడుతుంది. వెన్నుపూసల మధ్య దిండ్లు కండలు కావు, కీలు పొరలాగే వాటికీ బాగుచేసుకునే శక్తి తక్కువ. కండ నిలబడ్డా అవి నలుగుతాయి.

మామయ్య: అంటే తప్పు పనిది కాదు, బస్తాది అంటావు.

మేనకోడలు: బస్తాది, కూలిది. బస్తాకి ఇంత అని కూలి ఇస్తే ఏ మనిషైనా నొప్పి పుట్టిన రోజు కూడా ఎత్తుతాడు. బస్తా బరువు తగ్గించాలని ఎవరు అడిగినా నేను వాళ్ల పక్కనే నిలబడతాను, నా పాఠంలో కూడా చెబుతాను. కానీ హమాలీ నడుముని చూపించి మీరు కుర్చీలోంచి లేవనంటే మాత్రం ఒప్పుకోను. ఆయనకి దొరకని మూడూ మీకు దొరుకుతున్నాయి.

మామయ్య: సరేనమ్మా. చెప్పు, ఏం చెయ్యాలో.

మేనకోడలు: గోడకి ఆనించిన గట్టి కుర్చీ కావాలి. చేతులు గుండెల మీద కట్టుకుని లేవాలి. ఇప్పుడు రాకపోతే కుర్చీలో ఒక దిండు వేసి ఎత్తు పెంచుదాం, రెండు వారాలయ్యాక తీసేద్దాం. కూలబడకూడదు, కూర్చునేటప్పుడు కూడా నెమ్మదిగా దిగాలి. ఎనిమిది, పది సార్లు, కాసేపు ఆగి మళ్లీ. రోజు విడిచి రోజు. మధ్య రోజు నడక. పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం శనగలు, రాత్రి పెరుగు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలంటుంది. మీరు కోలుకుంటున్నారు కాబట్టి ఒక గ్రాము దాటినా మంచిదే. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవై పైచిలుకు.

మామయ్య: నొప్పి వస్తే?

మేనకోడలు: తొడ కండలో రెండు రోజులుండే సలుపు అయితే ఆపకండి. కీలు వాచినా, పొడిచినట్టున్నా ఆపి నాకు ఫోన్ చెయ్యండి. గుండెల్లో పట్టినట్టు ఉంటే నాకు కాదు, సూటిగా ఆసుపత్రికే.

మామయ్య: ఎన్నాళ్లకి తెలుస్తుంది?

మేనకోడలు: మూడు వారాల్లో చేతులు ఆనించకుండా లేవడం తేలికవుతుంది. అది ఎక్కువగా నరాల పనే. కండ మందం కనబడాలంటే ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఇవాళ తొడ చుట్టుకొలత రాసి పెట్టుకుంటాను, రెండు నెలలకి వచ్చి మళ్లీ టేపు పెడతాను.

మామయ్య: నువ్వు పెడితే కుదరదు. ప్రతిసారీ వేరే చోట కొలుస్తావు. మోకాలి చిప్ప పై అంచు నుంచి ఆరు అంగుళాలు పైకి గీత పెట్టాలి, పొద్దున్నే కొలవాలి, కాలు చాపి కండ వదులుగా ఉంచి కొలవాలి. రెండు కాళ్లూ కొలవాలి. టేపు నా డబ్బాలో ఉంది, ఇలా తీసుకురా.